బ్రీజ్ లవెల్ గాల్వేకి కారు నడిపిన రోజు

ఫోను మోగే సమయానికి బ్రీజ్ లవెల్ ఫ్లాస్కులో టీ పోస్తోంది. ఉదయం ఏడు కావస్తోంది. నవంబరు నెల కావడంతో ఎనిమిది దాటితే గాని వెలుతురు రాదు. అయిదు రోజులుగా కురుస్తున్న వాన పైకప్పు మీద ఇంకా అదే జోరున పడుతోంది.

“బ్రీజ్, నేను జార్లత్‌ని. నన్ను తిట్టుకోకు. గొర్రెలు నీళ్లలో ఉన్నాయి.”

జార్లత్ పక్కింటాయన. ఆ రోజు బ్రీజ్‌నీ, ఆమె భర్త ఫెస్టస్‌నీ తన కారులో గాల్వే కంటి ఆసుపత్రికి తీసుకెళ్తానని మాట ఇచ్చాడు.

“ఎన్ని?” అంది బ్రీజ్.

“ముప్ఫై దాకా. ఏరు పొంగి పొలంలోకి వచ్చేసింది. కొసన కాస్త మెరక ఉంటే దాని మీద నిలబడి అరుస్తున్నాయి. వాటిని వదిలేసి ఎలా రాను చెప్పు?”

“వద్దులే జార్లత్. ముందు వాటి సంగతి చూడు.”

“మరి ఫెస్టస్ కన్ను?”

“ఏదో ఒకటి చేస్తాంలే.”

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. ఫెస్టస్ అప్పటికే తయారై బల్ల దగ్గర కూర్చున్నాడు. చర్చికి వేసుకునే కోటు, టై. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి పరీక్షకు వెళ్లే పిల్లాడిలా చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు.

“రాలేడటా?”

“గొర్రెలు నీళ్లలో ఉన్నాయట.”

“సరే. తాళం ఇలా ఇవ్వు. నేనే నడుపుతాను.”

“డాక్టరమ్మ ఏం చెప్పింది నీకు?”

“డాక్టరమ్మ బెల్‌ముల్లెట్‌లో ఉంది. రోడ్డు మీద లేదు.”

ఊళ్లో డాక్టరు మూడు వారాల కిందట చెప్పింది, ఫెస్టస్ ఇక స్టీరింగు ముట్టుకోకూడదని. ఎడమ కన్ను చాలావరకు పోయిందనీ, కుడి కంటి వెనక పొరలో నెత్తురు ఊరుతోందనీ, అందులో సూదిమందు వేస్తే ఉన్న చూపు నిలిచే అవకాశం ఉందనీ చెప్పింది. గాల్వేలో తేదీ దొరకడానికి ఇన్నాళ్లు పట్టింది. మధ్యాహ్నం పన్నెండుకి రమ్మన్నారు. ఈ తేదీ తప్పితే మళ్లీ జనవరి చివర్లోనే. “అప్పటిదాకా ఆగితే ఏం మిగులుతుందో నేను చెప్పలేను” అంది డాక్టరు. ఆ మాట బ్రీజ్ మూడు వారాలుగా మోస్తూనే ఉంది. రొట్టె పిండి కలుపుతుంటే గుర్తొచ్చేది. పక్క దులుపుతుంటే గుర్తొచ్చేది.

బస్సు ఏడుంబావుకి వెళ్లిపోతుంది. అది ఆగే చోటు వాళ్లింటికి ఆరు మైళ్లు. కూతురు ఈటా లిమరిక్‌లో ఉంటుంది. ఆమె బయల్దేరి వచ్చేసరికే పన్నెండు దాటుతుంది.

“నేను నడుపుతాను” అంది బ్రీజ్. అనేసి, ఫ్లాస్కు మూత బిగించకుండానే కుర్చీలో కూర్చుండిపోయింది.

ఫెస్టస్ నవ్వలేదు. అది చూసి ఆమెకు మరింత భయం వేసింది.

బ్రీజ్ దగ్గర లైసెన్సు ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఉంది. అది ఎలా వచ్చిందో తలచుకుంటే ఆమెకే నవ్వొచ్చేది. డెబ్భైతొమ్మిదిలో దేశంలో డ్రైవింగు పరీక్షకి హాజరు కావాల్సినవాళ్లు కొండలా పేరుకుపోతే, వాళ్లందరినీ పరీక్షలు పెట్టి తెమల్చలేక ప్రభుత్వం రెండోసారి లెర్నర్ లైసెన్సు తీసుకుని ఉన్నవాళ్లకి పరీక్ష లేకుండానే అసలు లైసెన్సు ఇచ్చేసింది. బ్రీజ్‌కి అది పోస్టులో వచ్చింది. పోస్టుమాన్ కవరు చేతికిస్తూ, “ఇక గొర్రెలకి చెప్పాలి, జాగ్రత్తగా ఉండమని” అన్నాడు.

రెండు వారాలు నడిపింది. మూడో వారంలో ఒక తడి సాయంత్రం, రెండేళ్ల ఈటాని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బాంగర్ నుంచి వస్తుంటే వంపులో కారు జారి చిత్తడి నేల పక్కనున్న కాలువలోకి దిగింది. పెద్ద దెబ్బలేం లేవు. కానీ పిల్ల నుదురు ఎదుటి పలకకి కొట్టుకుని చీలింది. మూడు కుట్లు పడ్డాయి. కారు ఆగిపోయాక, పిల్ల ఏడుపు మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. ఆ ఒక్క క్షణాన్ని బ్రీజ్ ఎవరికీ చెప్పుకోలేదు. తాళాలు తెచ్చి ఫెస్టస్ చేతిలో పెట్టింది. ఆ తరవాత వృద్ధాశ్రమం వంటశాలలో ఇరవైరెండేళ్లు పనిచేసినా, వానైనా గాలైనా సైకిలు మీదే వెళ్లింది. ఎదురుగాలికి సైకిలు దిగి తోసుకుంటూ వెళ్లే బ్రీజ్‌ని ఆ చుట్టుపక్కల ఎరగనివాళ్లు లేరు. లైసెన్సు మాత్రం గడువు తీరినప్పుడల్లా మార్పించుకునేది. ఎందుకంటే, “ఫోటో ఉన్న కాగితం ఒకటి ఉండాలిగా” అనేది.

డాక్టరు చెప్పాక రెండు ఆదివారాలు సముద్రపు ఆటుకి ఇసుక బయటపడినప్పుడు ఫెస్టస్ ఆమెను అక్కడికి తీసుకెళ్లి నడిపించాడు. ముందుకి నడిపింది. తిప్పింది. ఆపింది. వెనక్కి నడపడం మాత్రం రాలేదు. రివర్స్ గేరు వేసినప్పుడల్లా కారు తన ఇష్టం వచ్చినట్టు పోయేది. “ఇంత ఇసుకలో నీకు గుద్దుకోవడానికి ఏమీ లేదు కాబట్టి సరిపోయింది” అన్నాడు ఫెస్టస్. అవసరమైతే జార్లత్ ఉన్నాడు కదా అని అంతటితో వదిలేశారు.

ఎనిమిదింబావుకి బయల్దేరారు. బ్రీజ్ గుమ్మం దగ్గరి సీసాలోంచి పవిత్ర జలం తీసి కారు ముందు అద్దం మీద చిలకరించింది.

“చాలు చాలు, ఆ పైవాడు అయిదు రోజులుగా పోస్తూనే ఉన్నాడు” అన్నాడు ఫెస్టస్ లోపల కూర్చుంటూ.

మొదటి పది మైళ్లు ఆమెకు ఏమీ గుర్తులేదు. వైపర్లు ఎంత వేగంగా కొట్టుకుంటున్నా అద్దం మీద నీళ్లు పొరలు పొరలుగా దిగుతూనే ఉన్నాయి. స్టీరింగు పట్టుకున్న చేతుల్లో వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. రేడియోలో పొద్దుటి చావు కబుర్లు చదువుతున్నారు. ఫలానా ఊళ్లో ఫలానా ఆయన, అంత్యక్రియలు రేపు పదకొండుకి, ఇంటివాళ్లకి మాత్రమే.

“అది ఆపు ఫెస్టస్.”

“ఎవరు పోయారో తెలియాలిగా.”

“మనం పోకుండా చూసుకుందాం ముందు. ఆపు.”

ఆపాడు. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. ఫెస్టస్ ముప్ఫైనాలుగేళ్లు జిల్లా రోడ్ల శాఖలో పనిచేశాడు. తారు పోశాడు, గోతులు పూడ్చాడు, మంచు రోజుల్లో ఉప్పు చల్లే లారీ నడిపాడు. ఆ రోడ్డులో ప్రతి గజమూ ఆయనకి తెలుసు.

“ఇప్పుడు వంతెన వస్తుంది. దాటగానే రోడ్డు కుడికి వాలుతుంది. ఆ తప్పు నాది కాదు, ఇంజనీరుది. మూడో గేరులో ఉండు.”

“మూడులోనే ఉన్నాను.”

“ఇప్పుడు ఎడమకి. వంపు అనుకున్నదానికంటే పొడుగ్గా ఉంటుంది. ఊ, ఊ, ఇంకా తిప్పు.”

“నాకు కనిపిస్తోంది ఫెస్టస్!”

“గొర్రెలున్నాయా?”

“ఉన్నాయి.” రోడ్డు మధ్యలో మూడు గొర్రెలు పడుకుని ఉన్నాయి. బ్రీజ్ కారు ఆపేసింది. హారను కొట్టడానికి భయపడి, అవి లేచేదాకా అలాగే చూస్తూ ఉంది. వెనక ఎవరో వ్యానులో వచ్చి ఆగారు. ఆమె మెడ వెనక చెమట పట్టింది.

ఎదురుగా ఓ బండి వచ్చి వెళ్లింది. అందులో మనిషి స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు.

“ఎవరా వెళ్లింది? నువ్వు వేలు ఎత్తావా?” అన్నాడు ఫెస్టస్.

“ఎత్తలేదు. ఎత్తితే ఈ చెయ్యి మళ్లీ కిందికి దిగదు.”

“ఎత్తకపోతే ఎలా? రేపటికల్లా ఊరంతా అంటారు, లవెల్ పెళ్లానికి పొగరెక్కిందని.”

“అననీ.”

మల్రానీ దగ్గర సముద్రం పక్కన కారు నిలిపారు. వాన మధ్యలో సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఆమె వేళ్లని ఒక్కొక్కటిగా స్టీరింగు మీంచి విడదీసుకుంది. టీ పోసుకుంది, సగం ఒలికిపోయింది. ఫెస్టస్ హామ్ పెట్టిన రొట్టెముక్కలు రెండు తిన్నాడు. ఆమెకి ముద్ద దిగలేదు. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. ఈపాటికి వెస్ట్‌పోర్ట్ చేరుండాల్సింది.

“నిదానంగా నడుపుతున్నానా?”

“నిదానమే” అన్నాడాయన. “కానీ నడుపుతున్నావు.”

వెస్ట్‌పోర్ట్ ఊళ్లో రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు మోగాయి. ఒకామె గొడుగు కింద నిలబడి జాలిగా చూసింది. ఎలాగో బయటపడ్డారు. బాలిన్‌రోబ్ దాటేసరికి పదకొండున్నర. ఇంకా ముప్ఫై మైళ్లు ఉంది. పన్నెండుకి చేరడం కల్ల అని ఇద్దరికీ తెలిసింది, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. పొలాలన్నీ చెరువులై ఉన్నాయి. రాతిగోడల పైఅంచులు మాత్రం నీళ్లలోంచి గీతల్లా కనిపిస్తున్నాయి.

అక్కడికి రెండు మైళ్లలో పసుపు కోటు వేసుకున్న కుర్రాడొకడు రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యి ఊపాడు. అతని వెనక రోడ్డు నీళ్లలోకి దిగి మాయమైంది.

“వెళ్లలేరమ్మా. నడుంలోతు ఉంది” అన్నాడు కిటికీ దగ్గరికి వంగి.

“ఆసుపత్రికి వెళ్లాలి నాయనా. పన్నెండుకి.”

“ఎవరికి బాలేదు? ఆయనకా?”

“నాకేం, నేను బానే ఉన్నాను” అన్నాడు ఫెస్టస్.

కుర్రాడు నుదుటి మీది నీళ్లు తుడుచుకుని వెనక్కి చూపించాడు. “అలా అర మైలు వెనక్కి వెళ్తే ఎడమ చేతికి సన్నదారి ఒకటుంది. మెరక మీద పోతుంది కాబట్టి మునగలేదు. నాలుగు మైళ్లు చుట్టు. కానీ ఇరుకు పెద్దమ్మా. ఎదురుగా ఏదైనా వస్తే కష్టం.”

“ఆ దారి నాకు తెలుసు” అన్నాడు ఫెస్టస్. “మేము చెయ్యలేదు దాన్ని. అందుకే అలా ఏడ్చింది.”

రోడ్డు అక్కడ వెడల్పుగా ఉండటంతో రివర్స్ వెయ్యకుండానే బ్రీజ్ కారుని చుట్టూ తిప్పుకోగలిగింది. ఆ సన్నదారి నిజంగానే కారుకి కొలిచి కట్టినట్టుంది. రెండు పక్కలా రాతిగోడలు, వాటి మీంచి వంగిన ముళ్లకంపలు. మధ్యలో గడ్డి మొలిచింది. కంపలు కారు ఒంటిని గీకుతుంటే బ్రీజ్ పళ్లు బిగించింది. ఎవరూ రాకూడదు, ఎవరూ రాకూడదు అని పైకే అనుకుంటూ మైలున్నర నడిపింది. ఒక వంపు తిరిగేసరికి ఎదురుగా లైట్లు కనిపించాయి.

పాల లారీ. దారికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండుగా ఉంది.

రెండూ ముక్కు ముక్కు ఆనించినట్టు నిలబడ్డాయి. లారీ డ్రైవరు చేతులు పైకెత్తి, తన వల్ల కాదన్నట్టు తల ఊపాడు. అంత బండి వంపులో వెనక్కి వెళ్లదు. కారే వెళ్లాలి. వెనక రెండు వందల గజాల దూరంలో పొలంలోకి గేటున్న ఖాళీ చోటు ఒకటి దాటొచ్చారు.

“ఫెస్టస్, నాకు రాదు.”

“వస్తుంది. నేను దిగి వెనక నిలబడి చెప్తాను. అద్దంలో నా చెయ్యి చూసుకుంటూ రా.”

“నిన్ను గుద్దేస్తాను!”

“నాలుగు మైళ్ల వేగంతో గుద్దితే చావనులే.”

టోపీ పెట్టుకుని, కాలరు పైకి లాక్కుని వానలోకి దిగాడు. అద్దంలో ఆయన నల్లకోటు కనిపించింది, ఎత్తిన చెయ్యి కనిపించింది. బ్రీజ్ రివర్స్ వేసింది. కారు ముందు ఉలిక్కిపడి, తరవాత కదిలింది. పది గజాలు, ఇరవై గజాలు. ఒకసారి గోడకి రాసుకుంది. ఆమె ఆపి, ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి పోనిచ్చింది. వెనక చూసే చిన్న అద్దం ఆవిరి పట్టింది. చొక్కా చేత్తో తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది. లారీ ఇంజను మోతలో ఇంకేమీ వినిపించడంలేదు. మళ్లీ అద్దంలోకి చూసేసరికి ఫెస్టస్ లేడు.

బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టి తొక్కేసింది. పాత కాలువ, పాత సాయంత్రం, ఆ చప్పుడులేని క్షణం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తలుపు గోడకి తగిలి సగమే తెరుచుకుంది. ఒళ్లు కుంచించుకుని బయటపడి కారు వెనక్కి పరిగెత్తింది. చక్రాల కింద చూసింది. లేడు. “ఫెస్టస్!” అని అరిచింది. వాన ఆ అరుపుని మింగేసింది.

దారి వెంట వెనక్కి నడిచింది. గేటున్న ఖాళీ చోటు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వినిపించింది.

“రా, రా... చోటుంది. ఇంకా చోటుంది. శభాష్, అలాగే రా...”

ఫెస్టస్ ఆమెకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఎదురుగా పొలం మూలలో నల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డి కట్టలు రెండు, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. తడికి మెరుస్తున్నాయి. ఆయన వాటికేసి చెయ్యి ఊపుతూ, “కొంచెం ఎడమకి, బ్రీజ్, కొంచెం ఎడమకి” అంటున్నాడు.

ఆమె కదలలేకపోయింది. వాన జుట్టులోంచి కారి మెడలోకి దిగింది. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసింది. లారీ డ్రైవరు. ఆమె పరుగు చూసి దిగి వచ్చినట్టుంది. గుబురు గడ్డం ఉన్న నడివయసు మనిషి. అతనూ చూశాడు. చూసి, గబుక్కున తల దించుకుని తన బూట్లకేసి చూడసాగాడు.

బ్రీజ్ వెళ్లి భర్త మోచెయ్యి పట్టుకుంది. ఆయన అదిరిపడ్డాడు.

“నువ్వు కారు దిగావేంటి?”

“రా. వచ్చి కూర్చో” అంది.

“ఇంకా పది గజాలే కదా...”

“కూర్చో ఫెస్టస్.”

ఆయన్ని కారులో కూర్చోబెట్టింది. లారీ డ్రైవరు దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. “తాళం ఇలా ఇస్తావా తల్లీ? నేను రెండు నిమిషాల్లో పెట్టేస్తాను.”

ఇవ్వబోయింది. చెయ్యి చాపింది కూడా. ఇస్తే మిగతా దారంతా ఎవరికి ఇవ్వాలి అనిపించిందో, ఒళ్లంతా మండుతున్న కోపానికి ఏదో ఒక పని కావాలనిపించిందో, “వద్దు. నువ్వు వెనక నిలబడి చెప్పు. గట్టిగా చెప్పు” అంది.

అతను గట్టిగానే చెప్పాడు. “ఆగు! కుడికి! అమ్మా, అది కుడి కాదు!” అని కేకలు పెట్టాడు. కారు ఎడమ పక్క అద్దం గోడకి తగిలి విరిగి వేలాడింది. పావుగంట పట్టింది. లారీ పక్కనుంచి దాటుతుంటే అతను కిటికీ దించి, “హెడ్‌ఫర్డ్ దాకా ఇంకేం అడ్డం లేదు. మెల్లగా వెళ్లండి” అన్నాడు. మాట ఆమెతోనే అన్నా చూపు ఫెస్టస్ మీద ఉంది.

సన్నదారి ఇంకా రెండు మైళ్లు సాగింది. పెద్దరోడ్డు ఎక్కాక బ్రీజ్ అడిగింది.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏది?”

“ఫెస్టస్.”

ఆయన తడి టోపీని ఒళ్లో పెట్టుకుని అంచు పిండుతున్నాడు. “బాగా తగ్గింది ఈస్టర్ నుంచి. అంతకుముందు కొంచెం కొంచెం.”

“ఈస్టర్! మొన్న ఎండాకాలంలో ఈటా పిల్లలిద్దర్నీ స్టేషను నుంచి తీసుకొచ్చావు. ఇద్దరూ వెనక సీట్లో ఉన్నారు. నువ్వు పాటలు పాడావు!”

“నిదానంగానే తోలాను.”

“ఎలా తోలావు? చెప్పు, ఎలా?”

“అంచులు కనిపిస్తాయి బ్రీజ్. పక్కనుండే తెల్లగీత కనిపిస్తుంది, గోడ కనిపిస్తుంది. మధ్యలో మాత్రం బూడిద మచ్చ. రోడ్డు నాకు తెలుసు. ఇక ఎదురుగా వచ్చేవి అంటావా...” ఆగాడు. “నువ్వు పక్కనుంటే ఫర్వాలేదు. నువ్వు ఆపకుండా మాట్లాడతావు. ఎదుట బండి వస్తుంటే భయంతో నోరు మూస్తావు. నువ్వు నోరు మూస్తే నేను అంచుకి జరిగేవాణ్ణి. వేలు ఎత్తేవాణ్ణి.”

ఆమె ఇండికేటరు వెయ్యకుండానే కారుని పక్కకి లాగి ఆపేసింది. ఎవరో హారను మోగించుకుంటూ దాటిపోయారు.

“పిల్లల్ని తెచ్చిన రోజు నేను లేను” అంది. “నేను ఇంట్లో ఆపిల్ కేకు చేస్తున్నాను. ఆ రోజు ఎవరు నోరు మూశారు ఫెస్టస్?”

ఆయన టోపీ అంచు పిండుతూనే ఉన్నాడు.

“వాళ్లని చంపేసేవాడివి.”

“అవును” అన్నాడు. ఇంక ఏ సాకూ చెప్పలేదు. కాసేపటికి, “తాళాలు తీసేసుకుంటారని భయం వేసింది. అంతే. ఇంకేం లేదు” అన్నాడు.

“ఏడాదిగా నా మొహం చూసి మాట్లాడటం లేదు నువ్వు. నా మీద ఏదో అలిగావనుకున్నాను. ఏం తప్పు చేశానా అని ఎన్నిసార్లు ఆలోచించానో తెలుసా?”

“సూటిగా చూస్తే నువ్వు కనపడవు. పక్కకి చూస్తే చెవి, కాస్త జుట్టు కనిపిస్తాయి.”

బ్రీజ్ స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. ఏడుస్తూనే గడియారం చూసింది. పన్నెండున్నర. ముక్కు తుడుచుకుని మొదటి గేరు వేసింది.

ఒంటిగంటా ఇరవైకి ఆసుపత్రి చేరారు. కారుని ఎక్కడ పెట్టాలో తెలియక అంబులెన్సులు ఆగే చోటికి దగ్గర్లో పెట్టేసింది. ఆలస్యమైందని పంపేస్తారేమోనని కౌంటరు దగ్గర మాట తడబడింది. నర్సు జాబితా చూసి, “ఎక్కడి నుంచి వస్తున్నారు?” అంది.

“బెల్‌ముల్లెట్ అవతల నుంచి.”

“దేవుడా! ఈ వానలోనా? ఎవరు తీసుకొచ్చారు?”

“నేనే.”

“కూర్చోండి. ఈ రోజు సగంమంది రాలేదు. డాక్టరుగారు చూస్తారు.”

లోపల గోడ మీది అక్షరాలు చదవమన్నారు. ఎడమ కంటితో అన్నింటికంటే పెద్ద అక్షరాన్ని కూడా ఫెస్టస్ చెప్పలేకపోయాడు. అక్కడ అక్షరం ఉందని కూడా తెలియలేదు. కుడి కంటితో తల అటూ ఇటూ తిప్పుతూ మూడు వరుసలు లాగాడు. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎడమ కన్ను తిరిగి రాదన్నాడు. కుడికి సూదిమందు ఈ రోజే వేస్తామనీ, నెలకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలనీ, ఉన్నది నిలబడితే అదే గొప్ప అనుకోమనీ చెప్పాడు.

ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక బ్రీజ్ వరండాలో బెంచీ మీద కూర్చుంది. నర్సు టీ, వెన్న రాసిన టోస్టు తెచ్చి పక్కన పెట్టింది. పొద్దుటి నుంచి ఆమె తిన్న మొదటి తిండి అదే. నాలుగు ముక్కలూ తినేసింది.

కంటికి తెల్లటి కట్టుతో ఫెస్టస్ బయటికి వచ్చేసరికి మూడున్నర. మరో గంటలో చీకటి పడుతుంది. “ఈ రోజు నేను నడపను” అంది బ్రీజ్. దగ్గర్లోనే ఒక ఇంట్లో అద్దెకు గది తీసుకున్నారు. ఆ ఇంటావిడ ఫెస్టస్‌ని చూసి మెట్లు లేని గది ఇచ్చింది.

గదిలోకి వెళ్లగానే బ్రీజ్ ఫోను తీసి నంబరు నొక్కి భర్త చేతిలో పెట్టింది.

“ఎవరికి?”

“ఈటాకి. నువ్వే చెప్పు. అంతా చెప్పు. స్టేషను సంగతి కూడా.”

“రేపు చెప్తాను.”

“ఇప్పుడు.”

ఆయన మంచం అంచున కూర్చుని చెప్పాడు. పొట్టి పొట్టి మాటల్లో, గోడకేసి తిరిగి చెప్పాడు. తరవాత ఆయన ఫోను బ్రీజ్‌కి అందించాడు.

“అమ్మా, నాన్నకి చెప్పు, నేనిప్పుడు ఆయనతో మాట్లాడలేను” అంది ఈటా. “రేపు మాట్లాడతాను. ఎల్లుండో. నువ్వు... నువ్వే నడిపావా అంత దూరం?”

“ఒక అద్దం విరిగింది.”

“ఇంటికెలా వెళ్తావు?”

“వచ్చినట్టే” అంది బ్రీజ్.

ఈటా వాళ్ల నాన్నతో మాట్లాడటానికి పదిరోజులు పట్టింది. క్రిస్మస్‌కి పిల్లల్ని తీసుకుని వచ్చింది గాని, స్టేషనుకి జార్లత్‌ని పంపమని తల్లికి ముందే చెప్పింది. ఫెస్టస్ అది విని లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. ముప్ఫై గొర్రెల్లో జార్లత్‌కి ఇరవైఆరు దక్కాయి. మాట తప్పానన్న బాధ అతన్ని చాలాకాలం వదల్లేదు. ప్రతి నెలా తేదీ దగ్గర పడగానే, “ఈసారి నేను వస్తాను” అనేవాడు. ఒకటి రెండుసార్లు వచ్చాడు కూడా. మిగతాసార్లన్నీ బ్రీజే నడిపింది. ఏడేళ్లు నడిపింది, ఫెస్టస్ పోయేదాకా. కుడి కన్ను చివరిదాకా కొంత చూపు నిలుపుకుంది. ఆయన తన టీ తనే పోసుకోగలిగేవాడు, పొద్దున వెలుతురులో తల పక్కకి తిప్పి ఆమెను చూడగలిగేవాడు.

నడపడం ఇష్టమైందా అని ఎవరైనా అడిగితే బ్రీజ్ అబద్ధం చెప్పేది కాదు. తేదీకి ముందు రోజు నిద్ర పట్టేది కాదు. వాన పడితే మరీ. చేతులు అంతే బిగుసుకునేవి. ఫెస్టస్ పక్కన కూర్చుని ముందొచ్చే వంపులు చెప్తూనే ఉండేవాడు, ఆమె కసురుతూనే ఉండేది.

ఆ మొదటి సూదిమందు వేసిన మర్నాడు పొద్దున కట్టు విప్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, కౌంటరు దగ్గరి అమ్మాయి డిసెంబరు తేదీ రాస్తూ, “పొద్దున తొమ్మిదికి వెయ్యనా?” అని అడిగింది.

“వద్దమ్మా” అంది బ్రీజ్. “పన్నెండుకే వెయ్యి. వెలుతురులో బయల్దేరాలి, వెలుతురు ఉండగా ఎక్కడో ఒక చోట ఆగాలి.”